చేతికి తెలిసింది కాగితానికి చెప్పినవాడు

(విశాఖపట్నంలో ఒక సాయంత్రం సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మధ్యాహ్నం నుంచి ముసురు పట్టి ఉన్నా ఇంతమంది వచ్చారు, సంతోషంగా ఉంది. నన్ను పిలిచినవాళ్లు "మేడమ్, కార్ల పందేల గురించి మాట్లాడండి, పిల్లలు ఇష్టంగా వింటారు" అన్నారు. ముప్పై ఏళ్లు ఫిజిక్స్ పాఠం చెప్పిన మనిషిని, మాట్లాడమంటే వద్దంటానా? కాకపోతే ఒక మాట అడిగాను. కార్ల గురించి కాదు, కార్లు నడిపి, దిగి, టేబుల్ ముందు కూర్చుని, నడిపినదాన్ని అక్షరం అక్షరంగా రాసిన ఒక మనిషి గురించి చెప్తానన్నాను. సరేనన్నారు.

ఆ మనిషి పేరు పోల్ ఫ్రేర్. బెల్జియం దేశస్థుడు. 1917 జనవరి 30న ఫ్రాన్సులోని లె ఆవ్ర్ అనే రేవు పట్నంలో పుట్టాడు. 2008 ఫిబ్రవరిలో, 91 ఏళ్ల వయసులో పోయాడు. ఆయన చేసిన పనులు వింటే ఇద్దరు ముగ్గురి జీవితాలు కలిపి చెప్తున్నానేమో అనుకుంటారు. 1940లలో పడవ పందేల్లో జాతీయ చాంపియన్. చదివింది బ్రస్సెల్స్‌లో, వ్యాపారమూ ఇంజనీరింగూ కలిసిన చదువు. తరవాత పత్రికా రచయిత. కార్ల పందేల్లో పై మెట్టయిన ఫార్ములా వన్‌లో, గ్రాండ్ ప్రీ అనే పెద్ద పందేలు 11 నడిపాడు. 24 గంటల లె మాన్ పందెం గెలిచాడు. ఆ తరవాత దాదాపు యాభై ఏళ్లు పుస్తకాలు, వ్యాసాలు రాస్తూనే ఉన్నాడు.

ఈయన సంగతి చెప్పేముందు మా నాన్న సంగతి కొంచెం చెప్పాలి. ఎందుకో మీకే తెలుస్తుంది.

మా నాన్న లారీ మెకానిక్. గాజువాక ఆటోనగర్లో చిన్న షెడ్డు ఉండేది. నేలంతా నల్లగా, వాడేసిన ఇంజనాయిలు పీల్చి పీల్చి మట్టి తారులా గట్టిపడి ఉండేది. మూల ఒక కిరసనాయిలు డబ్బా. అందులో బేరింగులు నానుతుండేవి. బడి అయిపోయాక నేను అక్కడే ఒక పాత టైరు మీద కూర్చుని హోంవర్కు చేసుకునేదాన్ని. నాన్నకి చదువు మూడో తరగతితో ఆగిపోయింది. కానీ లారీ రోడ్డు మలుపు తిరుగుతుండగానే, ఇంకా కళ్లకి కనిపించకముందే, "గేరు బాక్సులో మూడో గేరు పన్ను అరిగిపోయింది" అనేవారు. బండి వచ్చి ఆగి, బాక్సు విప్పితే అదే. ఎలా తెలిసింది నాన్నా అంటే, "అదేటమ్మా, అదే సెప్తంది కదా, నాను ఇన్నాను" అనేవారు. అంతే. అంతకు మించి చెప్పడం ఆయనకి వచ్చేది కాదు. ఆయన పోయి పద్దెనిమిదేళ్లయింది. ఆ చెవికి తెలిసిందంతా ఆయనతోనే వెళ్లిపోయింది. ఒక్క ముక్క కాగితం మీద లేదు.

నేను పోల్ ఫ్రేర్ రాసింది మొదటిసారి చదివినప్పుడు నాకు లె మాన్ గుర్తుకు రాలేదు, ఫెరారీ గుర్తుకు రాలేదు. మా నాన్న గుర్తొచ్చారు. మా నాన్నకి తెలిసినలాంటిదే ఈయనకీ తెలుసు. కాకపోతే ఈయన దాన్ని రాశాడు.

ఇప్పుడు 1956కి వెళ్దాం. జూన్ మొదటివారం, బెల్జియం గ్రాండ్ ప్రీ, స్పా అనే చోట. అప్పటి స్పా సర్క్యూట్ అంటే స్టేడియం లాంటిది కాదు. అడవి మధ్యలో, ఊళ్ల మధ్యలో మామూలుగా జనం తిరిగే రోడ్డే. చుట్టు ఒక్కటే 14 కిలోమీటర్లు. మన సింహాచలం కొండ చుట్టూ చేసే గిరిప్రదక్షిణలో సగం కంటే కొంచెం తక్కువ దూరం ఊహించుకోండి, అందులో ఒక మలుపుకీ ఇంకో మలుపుకీ మధ్య ఇళ్లు, చెట్లు, కరెంటు స్తంభాలు. ఫెరారీ జట్టులో ఒక డ్రైవరు గాయపడి రాలేకపోయాడు. ఫ్రేర్ అప్పటికి వార్త రాయడానికి వచ్చాడు. చేతిలో నోట్‌బుక్కు. ఫెరారీ వాళ్లు "నువ్వు నడుపుతావా" అని అడిగారు. మొదట ఒప్పుకోలేదు. ఆ కారు ఆయన ఎప్పుడూ నడపలేదు. తరవాత ప్రాక్టీసులో కూర్చున్నాడు, నడిపి చూశాడు, సరే అన్నాడు. జూన్ 3న పందెం. పీటర్ కాలిన్స్ మొదటివాడు, పోల్ ఫ్రేర్ రెండోవాడు. నోట్‌బుక్కు పట్టుకుని వచ్చిన మనిషి గ్రాండ్ ప్రీలో రెండో స్థానం తీసుకుని వెళ్లాడు.

ఈ కథ వినగానే అందరూ ధైర్యం అంటారు. నాకు అది ధైర్యం కథలా అనిపించదు. ఆయన మొదట కాదన్నాడు, చూడండి, నాకు ఆ మాట దగ్గరే మనసు ఆగిపోతుంది. తెలియని కారు, భయంకరమైన రోడ్డు, ఊరికే పేరొస్తుందని ఎక్కడు. ముందు ప్రాక్టీసులో నడిపి, కారు తన మాట వింటోందో లేదో చూసుకుని, అప్పుడు ఒప్పుకున్నాడు. రాసేవాడి అలవాటు అది. కళ్లతో చూడకుండా రాయడు, చేత్తో పట్టి చూడకుండా నమ్మడు.

1963లో ఆయన పందెపు డ్రైవింగ్ మీద ఒక పుస్తకం వేశాడు. అందులో వీరగాథలు లేవు. మలుపు ఎలా తిరగాలి, బ్రేకు ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ వదలాలి, టైరు ఎంతవరకు పట్టుకుంటుంది, ఎప్పుడు జారుతుంది, ఇదీ విషయం. లెక్కలున్నాయి. గీతలున్నాయి. తరగతిలో చెప్పే ఫిజిక్సే, కానీ గంటకి 250 కిలోమీటర్ల వేగంతో పోయేవాడు సీట్లో కూర్చుని చెప్పిన ఫిజిక్సు. ఇక్కడ పిల్లలున్నారు కాబట్టి ఒక్క మలుపు లెక్క చేద్దాం, ఓపిక పట్టండి.

30 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు అనుకోండి. మన ఘాట్ రోడ్ల మీద అలాంటివి చాలా ఉంటాయి. గంటకి 40 కిలోమీటర్ల వేగంతో తిరిగితే బండిని బయటికి పోనీకుండా టైర్లు లాగిపట్టాల్సిన బలం, బండి బరువులో నలభై శాతం కంటే కొంచెం ఎక్కువ. అదే మలుపు 60లో తిరిగితే? వేగం ఒకటిన్నర రెట్లే పెరిగింది. బలం మాత్రం రెండుంపావు రెట్లు కావాలి. అంటే దాదాపు బండి బరువంత. మామూలు టైరుకి అంత పట్టు ఉండదు. 40కి, 60కి మధ్య మనకి కనిపించే తేడా యాక్సిలరేటర్ మీద బొటనవేలు మందం. టైరుకి కనిపించే తేడా ప్రాణం పోయేంత.

ఇంకొకటి. రోడ్డు లంబకోణంలో తిరుగుతోంది. లోపలి అంచు వ్యాసార్థం 20 మీటర్లు, బయటి అంచు 26. మధ్యలో నుంచే తిరిగితే మీ దారి వ్యాసార్థం 23 మీటర్లు. కానీ పందెం రోడ్డు మొత్తం మనదే కదా, ఎదురు వచ్చేవాళ్లు లేరు. అప్పుడు బయటి అంచు నుంచి మొదలుపెట్టి, మలుపు మధ్యలో లోపలి అంచుని తాకి, మళ్లీ బయటి అంచుకి వదిలేస్తే, మీరు గీసిన వంపు వ్యాసార్థం 40 మీటర్లు దాటుతుంది. కాగితం మీద గీసి చూసుకోండి, ఇంటికెళ్లాక. అదే రోడ్డు, అదే టైరు. కానీ వేగం దాదాపు మూడో వంతు ఎక్కువ వేసుకోవచ్చు. పందెగాళ్లు రోడ్డంతా అడ్డదిడ్డంగా వాడినట్టు టీవీలో కనిపిస్తుంది. అది అడ్డదిడ్డం కాదు. వంపుని విప్పుతున్నారు. దీన్నే మనవాళ్లు బీచ్ రోడ్డు మీద బైకుల మీద చేస్తుంటే నాకు గుండె ఆగినంత పనవుతుంది. ఎందుకంటే ఆ లెక్కలో మొదటి షరతు ఎదురుగా ఎవరూ రాకపోవడం. భీమిలి రోడ్డు మీద ఆ షరతు ఎప్పుడూ నెరవేరదు. మలుపు అవతల ఏముందో కనిపించకపోతే నిదానంగా ప్రవేశించు, కనిపించాక వేగం పెంచు. పోటీల్లో ఆరితేరినవాళ్లు కూడా ముందు నేర్పేది ఇదే, అమ్మా.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్తాను. తొంభైలలో మా ఇంట్లో ప్రీమియర్ పద్మిని ఉండేది. గేరు రాడ్డు స్టీరింగు పక్కన, నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. అరకు నుంచి అనంతగిరి మీదుగా దిగుతున్నాం. నేనే నడుపుతున్నాను. కారులో మా కాలేజీ లెక్చరర్లు ముగ్గురు. కబుర్లలో పడి టాప్ గేరులోనే ఉంచి, కాలు బ్రేకు మీద అలా ఆనించే దిగుతున్నాను. నేను చేసిన తప్పు అదే. ఇంకో తప్పు కారు బాగుచేసినవాళ్లది. వారం ముందు ఊళ్లో ఒక షెడ్డులో బ్రేకు లైనింగులు మార్పించాను. మంచి కంపెనీవని చెప్పి నాసిరకం వేశారని తరవాత విప్పితే తెలిసింది. కాఫీ తోటలు దాటాక ఒక వాసన వచ్చింది. కాలిన గుడ్డ వాసన, దానిలో కొంచెం ఇనుము వాసన. వెనక కూర్చున్నావిడ "ఎక్కడో చెత్త తగలబెడుతున్నారు" అన్నారు. నేను బ్రేకు నొక్కాను. కాలు అడుగుదాకా వెళ్లింది. బండి వేగం తగ్గలేదు.

భయం ఎలా ఉంటుందంటే, చెవులు మూసుకుపోతాయి. నాకు ఒక్క మాట మాత్రం వినిపించింది. నాన్న షెడ్డులో ఎప్పుడూ కుర్ర డ్రైవర్లకి చెప్పే మాట. "ఏ గేర్లో ఎక్కినావో ఆ గేర్లోనే దిగాల. బ్రేకు ఆగడానికి, దిగడానికి కాదు." క్లచ్ నొక్కి న్యూట్రల్ చేశాను. క్లచ్ వదిలి యాక్సిలరేటర్ ఒక తోపు తోశాను. మళ్లీ క్లచ్ నొక్కి మూడోది. ఇంజను అరిచింది. మళ్లీ అదే పని చేసి రెండోది. హ్యాండు బ్రేకు కొంచెం కొంచెంగా లాగుతూ, కొండవైపు అంచున మట్టి మీద ఆపాను. దిగి చూస్తే ముందు చక్రాల దగ్గర గాలి వణుకుతోంది.

అప్పుడు నాకు కారణం తెలియదనుకోకండి, ఫిజిక్స్ చెప్పేదాన్నే. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచిస్తుంది, బ్రేకు షూ నుంచి దూరం జరుగుతుంది, పెడల్ లోపలికి పోతుంది. లైనింగు వేడెక్కితే దాని ఘర్షణ పడిపోతుంది. ఇదంతా బోర్డు మీద నేను చెప్పగలను. కానీ ఆ రోజు మమ్మల్ని ఆపింది బోర్డు మీది మాట కాదు, నాన్న మాట. ఇది మీతో ఒప్పుకోవడానికి నాకు ఇబ్బంది లేదు. నాన్న మాటా బోర్డు మీది మాటా ఒకటేనని నాకు గట్టిగా చెప్పింది పోల్ ఫ్రేర్ రాతలే. ఇందాక చెప్పిన తోపు ఉంది చూశారూ, మన లారీ డ్రైవర్లు డబుల్ క్లచ్ అంటారు. పాత స్పోర్ట్స్ కార్లు నడిపినవాళ్లకి అది రోజూ అన్నం తిన్నంత మామూలు. గేరు చక్రాలు రెండూ ఒకే వేగంతో తిరిగితేనే ఒకదాంట్లో ఒకటి మెత్తగా దిగుతాయి. ఆ వేగాన్ని కాలితో కలపాలి. పందెంలో అయితే అదే సమయంలో బ్రేకు కూడా నొక్కి ఉండాలి, కాబట్టి కుడిపాదం ముందు భాగం బ్రేకు మీద, అదే పాదం మడమో పక్క అంచో యాక్సిలరేటర్ మీద. టాటా వాళ్లు జర్మనీ వాళ్లతో కలిసి 1954 నుంచి చేసిన మెర్సిడెస్ బెంజ్ లారీలని ఘాట్ రోడ్ల మీద నడిపిన మన డ్రైవర్లు, లె మాన్‌లో పందెం నడిపినవాళ్లు, పాదంతో చేసింది ఒకే పని. ఒకరి గురించి పుస్తకాలున్నాయి. ఇంకొకరి గురించి లేవు.

లె మాన్ అన్నాను కదా. ఫ్రాన్సులో ఏటా జరుగుతుంది. 24 గంటల పందెం, ఒక కారుకి అప్పట్లో ఇద్దరు డ్రైవర్లు. 1953లో అక్కడ జాగ్వార్ కారు డిస్కు బ్రేకులతో గెలిచింది. ఇప్పుడు మీ బండికి ముందు చక్రంలో కనిపించే డిస్కు ఉంది చూడండి, దానికి పేరొచ్చింది అక్కడి నుంచే. డ్రమ్ములా మూసుకుని ఉండదు, గాలి తగులుతుంది, వేడి త్వరగా పోతుంది. అనంతగిరిలో నాకు జరిగింది దాంతో జరిగి ఉండేది కాదేమో.

1955 లె మాన్ గురించి ఎక్కువ చెప్పలేను. చెప్పడం నాకు కష్టంగా ఉంటుంది. జూన్ 11 సాయంత్రం ఒక కారు గాల్లోకి లేచి జనం మీద పడింది. 80 మందికి పైగా చనిపోయారు. పందెం ఆపలేదు. ఆ పందెంలో పోల్ ఫ్రేర్ ఉన్నాడు. పీటర్ కాలిన్స్‌తో కలిసి ఆస్టన్ మార్టిన్ నడిపి రెండో స్థానంలో నిలిచాడు. తరవాత అక్కడి పిట్లు, అంటే పందెం మధ్యలో కార్లు ఆగి పెట్రోలు పోయించుకునే చోట్లు, ప్రేక్షకుల గ్యాలరీలు పడగొట్టి కొత్తగా కట్టారు. స్విట్జర్లాండ్ దేశం సర్క్యూట్ పందేలనే నిషేధించింది. రెండో బహుమతి అందుకుని, ఆ రోజు చూసినదాన్ని మోసుకుని, మళ్లీ కలం పట్టుకున్న మనిషి రాసిన వాక్యాల్లో వేగం మీద మోజు ఎందుకు కనపడదో నాకు అర్థమవుతుంది. ఆయన వాక్యం ఎప్పుడూ అదుపు గురించే.

1960 చెప్తాను. అది సంతోషమైన సంగతి. అప్పటికి ఆయనకి 43 ఏళ్లు. ఫెరారీ కారు, జోడీ డ్రైవరు ఒలివియే జెండెబియెన్, ఆయనా బెల్జియం వాడే. ఆ ఏడాది కొత్త నియమం ఒకటి, ముందు అద్దం 25 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలని. వాన పడితే ఆ అద్దంలోంచీ కనపడదు, పైనుంచీ కనపడదు. సరే, అది అందరికీ ఉన్న బాధే. అసలు గండం పెట్రోలుతో వచ్చింది. ఫెరారీ జట్టు అనుకున్నదానికన్నా ఎక్కువ పెట్రోలు తాగుతున్నాయి కార్లు. పందెం మొదలైన కొన్ని గంటల్లోనే ఆ జట్టులోవే రెండు కార్లు పెట్రోలు అయిపోయి దారిలో ఆగిపోయాయి. అలా ఆగిపోతే అక్కడితో సరి, క్యాను పట్టుకుని వెళ్లి పోయడం కుదరదు. జెండెబియెన్ కారు కూడా దగ్గడం మొదలుపెట్టింది. ఆ దగ్గుతూనే ఎలాగో పిట్ చేరింది. అక్కడి నుంచి ఇద్దరూ 24 గంటలు పూర్తి చేశారు. 314 చుట్లు, 4200 కిలోమీటర్లకి పైన. గెలిచారు.

విశాఖ నుంచి ఢిల్లీ వెళ్లి మళ్లీ విశాఖ వచ్చినా ఇంకా దూరం మిగిలి ఉంటుంది. ఒక్క రోజులో, ఇద్దరు మనుషులు, వానలో.

గెలిచాక ఏం చేశాడు? పందేల నుంచి తప్పుకున్నాడు. శిఖరం మీద ఉండగా దిగాడని అంటారు, నాకు ఆ మాట నచ్చదు. దిగలేదు. ఆయన అసలు పని మొదటి నుంచీ రాయడమే, ఆ పనికి పూర్తిగా వచ్చేశాడు. పోర్షె 911 అనే స్పోర్ట్స్ కారు చరిత్ర రాశాడు, 1976లో మొదటిసారి వచ్చింది. ఆ కారు వల్ల పెద్ద ఇబ్బంది ఏంటంటే ఇంజను వెనక చక్రాల కంటే కూడా వెనక వేలాడుతూ ఉంటుంది. మలుపులో భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీశారో, బరువు ముందుకి వస్తుంది, వెనక టైర్లు తేలికవుతాయి, తోక బయటికి తిరుగుతుంది. కంపెనీ వాళ్లు 1969 మోడలుకి ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం 57 మిల్లీమీటర్లు పెంచారు. నా మూడు వేళ్ల మందం. ఆ మూడు వేళ్లు ఎందుకు పెంచారో, ఏం మారిందో తెలియాలంటే ఇంజనీరుకి లెక్క తెలిస్తే చాలదు, డ్రైవరు నడుముకి తెలిస్తే చాలదు. రెండూ ఒకే ఒంట్లో ఉండాలి. ఈయనకి ఉన్నాయి. స్పా సర్క్యూట్లో ఇవాళ ఒక వంపుకి ఆయన పేరు పెట్టుకున్నారు. 86 ఏళ్లప్పుడు లె మాన్ గెలిచిన రకం ఆడీ రేసు కారు ఎక్కి నడిపి చూశాడు. 2006లో, 89 ఏళ్లప్పుడు, జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్ సర్క్యూట్ దగ్గర కారు నడుపుతూనే పెద్ద ప్రమాదంలో పడి బతికి బయటపడ్డాడు.

ముందు వరసలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. చెప్పమ్మా. ... ఆడవాళ్లు లేరా అని అడుగుతోంది. మంచి ప్రశ్న. ఉన్నారు, వాళ్లకి దారి ఇవ్వలేదు. అమెరికాలో డెనిస్ మెక్‌క్లగ్గేజ్ అని ఒకావిడ, 1927లో పుట్టారు. న్యూయార్క్‌లో దినపత్రిక విలేకరి. కార్ల పందేల వార్తలు రాస్తూ, తనే కారు కొనుక్కుని పందేలకి దిగారు. తెల్ల హెల్మెట్టు మీద గులాబీ రంగు చుక్కలు. 1961లో అమెరికాలోనే సెబ్రింగ్ అనే చోట 12 గంటల పందెంలో ఫెరారీ నడిపి తన తరగతిలో, అంటే ఆ రకం కార్లన్నిట్లో, గెలిచారు. ఆవిడ జోడీ ఒక శాక్సఫోన్ వాయిద్యగాడు. మాంటె కార్లో ర్యాలీలోనూ తన తరగతి గెలిచారు. అంత చేసినావిడకి అమెరికాలో పేరున్న ఇండియానాపొలిస్ సర్క్యూట్ పిట్లలోకి ప్రవేశం లేదు, ఆడమనిషి అని. ఆవిడ కోపాన్ని కూడా శుభ్రమైన వాక్యాల్లో పెట్టారు, పత్రిక స్థాపించారు, 88 ఏళ్ల వయసులో పోయేదాకా రాశారు. నేను డ్రైవింగు నేర్చుకోవడానికి ఈ ఊళ్లో ఒక స్కూలుకి వెళ్తే "మీకెందుకు మేడమ్, స్కూటీ చాలదా" అన్నారు. నాన్నే నేర్పారు, ఆదివారాలు, ఖాళీ స్థలంలో, పాత లారీ మీద.

ఇంకో ప్రశ్న. పాత కార్లు ఉంచుకోవచ్చా, ఇప్పుడు పదిహేనేళ్లకే తుక్కు అంటున్నారు కదా అని. ఉంచుకోవచ్చు. 2021లో కేంద్రం నియమాలు మార్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపం మార్చకుండా ఉన్న బండిని వింటేజ్ కింద నమోదు చేస్తారు. నంబరులో రాష్ట్రం అక్షరాల తరవాత వి ఏ అని వస్తుంది. కొత్తగా నమోదుకి 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. రోజువారీ తిరగడానికి, కిరాయికి కుదరదు. ప్రదర్శనకీ ర్యాలీకీ తీసుకెళ్లొచ్చు. మీ తాతగారి స్టాండర్డ్ హెరాల్డ్ షెడ్డులో ఉంటే తుక్కువాడికి ఇచ్చెయ్యకండి, దయచేసి.

మన దేశంలో పందేలు లేవా అంటే, ఉన్నాయి. మద్రాసు దగ్గర షోలవరంలో యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద ఏళ్ల తరబడి జరిగాయి. తరవాత ఇరుంగాట్టుకోట్టైలో ట్రాకు కట్టారు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ పక్కన ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఇ పందెం జరిగింది. మా నాన్న డెబ్భైలలో ఒకసారి మద్రాసు మెయిలెక్కి షోలవరం చూడ్డానికి వెళ్లారు. ఆ కాలంలో లారీ మెకానిక్ పనిమానుకుని పందెం చూడ్డానికి వెళ్లడమంటే మా అమ్మ వారం రోజులు మాట్లాడలేదు. తిరిగొచ్చాక, "ఏం చూశారు నాన్నా, ఎవరు గెలిచారు" అని మీదపడి అడిగాను. ఆయన కాసేపు ఆలోచించారు. "ఎవులు గెలిసినారో నాను సూడలేదమ్మా. ఎవుడు ఎక్కడ బ్రేకు ఒగ్గేత్తన్నాడో సూసినాను" అన్నారు.

నాకు అప్పుడు నవ్వొచ్చింది. పోల్ ఫ్రేర్ రాసింది చదివాక ఏడుపొచ్చింది. ఆ పుస్తకంలోనూ దాని గురించి ఉంది. బ్రేకు ఎక్కడ నొక్కామన్నది కాదు, ఎక్కడ, ఎలా వదిలామన్నది. ఠక్కున వదిలితే ముందు టైర్ల మీది బరువు ఒక్కసారి పోతుంది, స్టీరింగు తిప్పినా బండి తిరగదు. మెల్లగా వదులుతూ, వదిలేకొద్దీ స్టీరింగు తిప్పుతూ పోవాలి. ఈ సంగతి గాజువాక షెడ్డులో మనిషి, మూడో తరగతి చదివినాయన, రన్‌వే కంచె పక్కన ఎండలో నిలబడి కళ్లతో పట్టుకున్నారు. ఆయన్ని కూర్చోబెట్టి "ఇంకా చెప్పండి నాన్నా, రాసుకుంటాను" అని నేను అనలేదు. డిగ్రీ పరీక్షలకి చదువుకుంటున్నాను అప్పుడు.

అందుకే రిటైరయ్యాక ఒక పని మొదలుపెట్టాను. గురువారం గురువారం ఆటోనగర్ వెళ్తాను. నాన్న దగ్గర కుర్రాడప్పుడు హెల్పరుగా చేరి, తరవాత తనే షెడ్డు పెట్టుకున్న ఒక పెద్దాయన ఉన్నారు. నేను బాబాయి అంటాను. ఇప్పుడు చూపు సరిగ్గా ఆనదు. ఆయన చెప్తారు, నేను రాస్తాను, ఆయన మాటల్లోనే, దిద్దకుండా. నలభై పేజీలు అయ్యాయి. గేరు బాక్సు చప్పుళ్లు పదకొండు రకాలు ఇప్పటికి. బాబాయి ఇవాళ వచ్చారు, రెండో వరసలో గోడ పక్కన కూర్చున్నారు, లేవమని ఇబ్బంది పెట్టను. ఆయన పోయిన గురువారం చెప్పిన పేజీ చదువుతాను.

"ఘాటీ దిగినాక బండి ఆపు. టీ తాగుతావో నీ ఇట్టం, ముందు దిగి నాలుగు సక్రాల దగ్గరకీ ఎల్లు. ముట్టుకోకు, సెయ్యి కాలిపోద్ది. అరసెయ్యి జానెడు దూరంలో ఎట్టు. నాలుగూ ఒక్కలాగ ఏడిగా ఉన్నాయా, బండి బావుంది. ఒకటి సల్లగా ఉందా, సంతోసించకు, ఆ సక్రానికి బ్రేకు పడతాలేదు, మిగతా మూడూ దాని పని సేత్తన్నాయి. ఒకటి మరీ కాలిపోతందా, అది ఒగ్గుతాలేదు, పట్టుకునే ఉంది. ఏడిగా ఉందని నీళ్లు మాత్తరం పొయ్యకు, డ్రమ్ము పగిలిపోద్ది. దానంతటది సల్లారాల. మీ నాన్న ఇలగే సూసేవోడు, బండి ఎంట పడి ఎవులు తొందరెట్టినా ఇనేవోడు కాదు. రాసినావా అమ్మా? ఏదీ, ఒకపాలి సదువు."